పత్రిక ఎంపిక – పాఠకుని ఎంపిక: తెలుగు పరిశోధన ప్రచురణపై ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పరిశోధన వ్యాసం పూర్తయిన వెంటనే ఎదురయ్యే ప్రశ్న దానిని ఏ పత్రికకు పంపాలన్నది. పరిశోధన విధానం బోధించే తరగతుల్లో అంశ స్వీకారం, విషయ సేకరణ, ఆకరాల పరిశీలన, ఉపపత్తుల నిర్మాణం వంటివాటికి దక్కే చోటు ఈ ప్రశ్నకు దక్కదు. వ్యాసం రాయడం పాండిత్యానికి సంబంధించిన పని, పంపడం మాత్రం తపాలాకు సంబంధించిన పని అన్నట్లుగా దీనిని చూడడం మనకు అలవాటైంది. గడచిన పదిహేనేళ్ళలో ఆ కొద్దిపాటి ఆలోచన కూడా అవసరం లేకుండా పోయింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రకటించిన జాబితాలో పత్రిక పేరు ఉన్నదా, లేదా అన్నదొక్కటే ప్రశ్నగా మిగిలింది.

2025 ఫిబ్రవరిలో ఆ జాబితాను సంఘమే ఉపసంహరించుకొంది. ఎంపిక బాధ్యత మళ్ళీ పరిశోధకుని చేతికి, అతని విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఈ సందర్భంలో వెనుదిరిగి చూడవలసిన అవసరం ఉన్నది. జాబితాలు లేని కాలంలో తెలుగు భాషా సాహిత్యాలపై పనిచేసినవారు తమ రచనకు వేదికను ఎలా నిర్ణయించుకొన్నారు? ఆ నిర్ణయాల ఫలితం ఏమిటి? జాబితా వచ్చిన తరవాత ఏమి మారింది? ఈ మూడు ప్రశ్నలకు చరిత్ర ఇచ్చే సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పత్రికను ఎంచుకోవడమంటే ప్రధానంగా పాఠకుణ్ణి, అందులోనూ తన మాటను కాదనగల పాఠకుణ్ణి ఎంచుకోవడమేనన్నది ఇక్కడ చేస్తున్న ప్రతిపాదన.

పీఠికలో మిగిలిపోయిన సిద్ధాంతం

పరిశోధన పత్రిక అనే ప్రక్రియ ఐరోపాలో 1665లో రూపు కట్టింది. ఆ ఏడాది జనవరిలో పారిస్‌లో ‘జూర్నాల్ దె సావాఁ’, మార్చిలో లండన్‌లో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ వెలువడ్డాయి. అంతకు ముందు పండితులు ఒకరికొకరు రాసుకొన్న ఉత్తరాల స్థానాన్ని అచ్చు ఆక్రమించింది. మన దేశంలో ఈ సంప్రదాయానికి ఆద్యమని చెప్పదగినది కలకత్తా ఆసియాటిక్ సొసైటీ ప్రచురణ ‘ఆసియాటిక్ రిసెర్చెస్’. దీని తొలి సంపుటం 1788లో వచ్చింది. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలకు సమానమైన మూలం ఉండవచ్చునని విలియం జోన్స్ 1786లో చేసిన ప్రసంగం ఆ సంపుటంలోనే అచ్చయింది. ఆ సంపుటాలు లండన్‌లో పునర్ముద్రణ పొందాయి. జర్మన్, ఫ్రెంచి భాషల్లోకి అనువాదమయ్యాయి. జోన్స్ మాట ఐరోపా పండితలోకమంతటా చర్చకు వచ్చింది.

ఇది జరిగిన ముప్ఫై ఏళ్ళకు మద్రాసులో అంతే విలువైన మరొక ప్రతిపాదన వెలువడింది. తెలుగు, తమిళం, కన్నడం మొదలైన దక్షిణాది భాషలు సంస్కృత జన్యాలు కావనీ, అవి ప్రత్యేకమైన ఒక కుటుంబానికి చెందుతాయనీ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ సోదాహరణంగా నిరూపించాడు. మామడి వెంకయ్య నిఘంటు పీఠికనూ, ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టికనూ అతడు తన నిరూపణకు ఆధారం చేసుకొన్నాడు. అంటే ఈ సిద్ధాంతానికి పునాదిలో తెలుగు పండితుల కృషి ఉన్నది. అయితే అది అచ్చయినది పరిశోధన పత్రికలో కాదు. 1816లో ఎ. డి. క్యాంప్‌బెల్ ప్రచురించిన తెలుగు వ్యాకరణంలో ఉపోద్ఘాతానికి అనుబంధంగా చేర్చిన ఒక వివరణగా అది వెలువడింది. ఆ వ్యాకరణం ఉద్దిష్ట పాఠకులు తెలుగు నేర్చుకొని పరీక్ష రాయవలసిన కుంపిణీ ఉద్యోగులు. వారికి కావలసినవి విభక్తులు, క్రియారూపాలు. భాషాకుటుంబాల చర్చ వారికి పనికిరాదు.

1819లో ఎల్లిస్ మరణించాడు. 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వచ్చింది. ద్రావిడ భాషాకుటుంబ ప్రతిపాదన అనగానే కాల్డ్వెల్ పేరు చెప్పడం చాలాకాలం ఆచారమైంది. థామస్ ట్రౌట్‌మన్ 2006లో ప్రకటించిన గ్రంథం ద్వారా ఎల్లిస్ స్థానం స్పష్టంగా చర్చకు వచ్చింది. ఎల్లిస్ అకాల మరణం, కాల్డ్వెల్ గ్రంథం విస్తృతి ఈ విస్మృతికి ముఖ్య కారణాలే. అయినా ప్రచురణ స్థానం కూడా ఒక కారణమని చెప్పక తప్పదు. జోన్స్ ప్రతిపాదన తనను పరీక్షించగల పాఠకులను చేరింది. ఎల్లిస్ నిరూపణ తనకు పాఠకులు కాని వారి బల్లమీద ఉండిపోయింది. నిజానికి జోన్స్ చెప్పినది స్థూలమైన ఊహ. ఎల్లిస్ చూపినది ధాతువుల, పదాల వరుసలతో కూడిన ఆధారం. ప్రతిపాదన బలం ఒక్కటే దాని భవితవ్యాన్ని నిర్ణయించదని ఈ రెండింటి పోలిక తెలియజేస్తున్నది.

ఒకే పండితుడు, రెండు వేదికలు

వేదికను ఎరిగి ఎంచుకొన్న పరిశోధకునికి గిడుగు వేంకట రామమూర్తి ఉత్తమ నిదర్శనం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలో ఆయన స్వయంకృషితో శాసన లిపి నేర్చుకొన్నారు. శక సంవత్సరం 979 నాటి వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో ఆంగ్లంలో ప్రకటించారు. అప్పుడు ఆ పత్రికకు సంపాదకుడు హుల్ట్ష్. శాసన పాఠంతోపాటు దాని ప్రతికృతిని కూడా ముద్రించడం ఆ పత్రిక పద్ధతి. పరిష్కర్త చదివిన అక్షరం సరైనదో కాదో పాఠకుడు తన కళ్ళతో సరిచూసుకోవచ్చు. గాంగుల కాలనిర్ణయం తెలిసినవారు, తప్పు పట్టగలవారు ఆ పత్రిక పాఠకుల్లో ఉన్నారు. శాసనాన్ని అక్కడికి పంపడమంటే ఆ పరీక్షకు సిద్ధపడడమే.

అదే గిడుగు 1919లో పర్లాకిమిడి నుంచి ‘తెలుగు’ అనే మాసపత్రికను స్వయంగా నెలకొల్పారు. దీని నేపథ్యం సుప్రసిద్ధం. పాఠశాలల్లో, పరీక్షల్లో ఏ తెలుగు రాయాలన్న వివాదం 1911 తరవాత తీవ్రమైంది. ఆ ఏడాదే జయంతి రామయ్య పంతులు పూనికతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు మద్రాసులో ఏర్పడింది. మరుసటి ఏడాది నుంచి పరిషత్పత్రిక వెలువడింది. అముద్రిత గ్రంథాలను వెలికితీయడంలో, తాళపత్ర ప్రతులను సేకరించడంలో పరిషత్తు చేసిన సేవ సాటిలేనిది. ఆ పత్రిక నాటి పండితులకు సహజమైన వేదిక. అయితే పరిషత్తు గ్రాంథికభాషా పక్షానికి కేంద్రం. వాడుకభాష రచనకు అర్హమైనదన్న వాదాన్ని వాడుకభాషలోనే రాసి ఆ పత్రికలో నడపడం సాధ్యమయ్యే పని కాదు. గ్రాంథికంలో రాసి పంపితే వాదం రూపంలోనే ఓడిపోతుంది.

గిడుగుకు కావలసిన పాఠకులు కూడా వేరు. బడిలో పిల్లలకు వ్యాసరచన నేర్పే ఉపాధ్యాయుడు, తాను మాట్లాడే భాషలో రాస్తే తప్పని భయపడుతున్న విద్యార్థి ఆయన ఉద్దిష్ట శ్రోతలు. పూర్వుల వచనం నుంచి ప్రయోగాలను ఎత్తి చూపుతూ వారికి ధైర్యం చెప్పడానికి ఆయనకు సొంత పత్రిక అవసరమైంది. అది సుమారు ఒక్క ఏడాది మాత్రమే నడిచింది. ప్రచురణకర్త దృష్టితో చూస్తే అది విఫలమైన పత్రిక. తెలుగు వచన చరిత్ర దృష్టితో చూస్తే దాని స్థానం వేరు. నేడు పరిశోధన పత్రికలన్నీ వెలువడుతున్నది ఆ పత్రిక వాదించిన భాషలోనే.

శాసనానికి ఒక పత్రిక, భాషావాదానికి మరొక పత్రిక. మొదటిదానికి ఆంగ్లం, రెండవదానికి తెలుగు. ఈ ఎంపికలో వైరుధ్యం లేదు. ఈ విషయాన్ని ఎవరు పరీక్షించాలి, ఎవరికి ఇది అవసరం అన్న ఒకే ప్రశ్నకు రెండు సందర్భాల్లో వచ్చిన రెండు సమాధానాలివి.

హైదరాబాదు రాజ్యంలో ఈ ప్రశ్న మరొక రూపం ధరించింది. అక్కడ తెలుగులో ప్రచురణకు ఉన్న వసతులే తక్కువ. లక్ష్మణరాయ పరిశోధక మండలి శాసనాలను సేకరించి 1935లో ‘తెలంగాణా శాసనములు’ సంపుటాన్ని ప్రకటించింది. నిజాం రాష్ట్రంలో కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల వివరాలను, పద్యాలను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. ఇది స్వభావంలో పరిశోధన. వేదిక మాత్రం వార్తాపత్రిక ప్రత్యేక సంచిక. ఆ మాట అన్నవారూ, ఆ మాటతో నొచ్చుకొన్నవారూ చదివేది వార్తాపత్రికే. అందువల్ల సమాధానం కూడా అక్కడి నుంచే రావడం ఉచితమైంది.

‘భారతి’ కాలం: పాఠకులే పరీక్షకులు

కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో మద్రాసులో ‘భారతి’ని స్థాపించారు. 1991 వరకు సాగిన ఈ మాసపత్రికను కేవలం పరిశోధన పత్రిక అనలేము. కథ, కవిత, నాటిక, గ్రంథసమీక్షల నడుమనే శాసన పరిష్కారం, కవికాల నిర్ణయం, ఛందోవిచారం, వ్యాకరణచర్చ ఉండేవి. వేటూరి ప్రభాకరశాస్త్రి, మల్లంపల్లి సోమశేఖరశర్మ, నిడదవోలు వేంకటరావు వంటివారి వ్యాసాలను వృత్తిపరిశోధకులే కాక గ్రామాల్లోని ఉపాధ్యాయులు, వకీళ్ళు, సాహిత్యాభిమానులు కూడా చదివారు. ఇదే కాలంలో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1926 నుంచి ప్రధానంగా ఆంగ్లంలో పత్రికను నడిపింది. ఆంధ్రదేశ చరిత్రపై రాసేవారికి రెండు దారులు తెరుచుకొన్నాయి: ఇతర ప్రాంతాల చరిత్రకారులకు చెప్పవలసినది మండలి పత్రికకు, తెలుగువారికి చెప్పవలసినది ‘భారతి’కి.

‘భారతి’లో నేటి అర్థంలో రిఫరీ వ్యవస్థ లేదు. దీనిని లోపంగా ఎంచేముందు ఒక విషయం గమనించాలి. వ్యాసాన్ని ప్రచురణకు ముందు బయటి నిపుణుల పరిశీలనకు పంపడం ప్రపంచవ్యాప్తంగా నియమమైనది ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలోనే. ‘నేచర్’ వంటి పత్రిక కూడా దానిని 1973లో గాని తప్పనిసరి చేయలేదు. ‘భారతి’లో పరీక్ష ప్రచురణానంతరం జరిగేది. ఒకరి కాలనిర్ణయాన్ని మరొకరు తరవాతి సంచికల్లో ఖండించేవారు. దానికి ప్రతిసమాధానం వచ్చేది. 1909లో మానవల్లి రామకృష్ణకవి ‘కుమారసంభవం’ ప్రకటించి నన్నెచోడుని నన్నయకు పూర్వుడనడంతో మొదలైన వివాదం దశాబ్దాల తరబడి పత్రికల్లో, గ్రంథాల్లో సాగిన సంగతి మనకు తెలిసినదే. ఏ ఒక్క రిఫరీ నివేదికా ఆ ప్రశ్నను తేల్చగలిగేది కాదు. చదివి ఎదురు రాయగల పాఠకసమూహం ఉండబట్టి ఆ చర్చ అంతదూరం నడిచింది.

ఆ వ్యవస్థకు హద్దులు లేకపోలేదు. సంపాదకుని అభిరుచి, పరిచయాల వలయం, పత్రిక ఉన్న నగరానికి రచయిత ఉన్న ఊరికి మధ్య దూరం – ఇవన్నీ ఎవరికి చోటు దొరుకుతుందన్న దానిని ప్రభావితం చేస్తాయి. పేరున్నవారి వ్యాసానికి, పేరులేనివారి వ్యాసానికి ఒకే కొలత వాడారని నమ్మడం కష్టం. రచయిత పేరు తెలియకుండా వ్యాసాన్ని పరిశీలించే పద్ధతి ఈ లోపానికి సమాధానంగానే విలువైనది. అందుచేత ‘భారతి’ని స్వర్ణయుగంగా కీర్తించి రిఫరీ పద్ధతిని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ప్రచురణకు ముందు జరిగే పరిశీలన, ప్రచురణ తరవాత జరిగే చర్చ ఒకదానికొకటి పూరకాలు. మనం మొదటిదానిని నియమంగా తెచ్చుకొని రెండవదానిని పోగొట్టుకొన్నాం.

ఎంపికలో వివేకం: భద్రిరాజు కృష్ణమూర్తి

విశ్వవిద్యాలయ వ్యవస్థ స్థిరపడిన తరవాత కూడా వేదికను విషయాన్ని బట్టి నిర్ణయించడం కొనసాగింది. భద్రిరాజు కృష్ణమూర్తి ప్రచురణల వరుసను చూస్తే ఇది స్పష్టమవుతుంది. దక్షిణ ద్రావిడంలో ఇ/ఎ, ఉ/ఒ అచ్చుల పరస్పర వినిమయంపై ఆయన వ్యాసం 1958లో అమెరికా భాషాశాస్త్ర సంఘం పత్రిక ‘లాంగ్వేజ్’లో వెలువడింది. ధ్వనిమార్పు పదం నుంచి పదానికి వ్యాపించే తీరుపై 1978లో, మార్పుకు లోనుకాని సజాతీయ పదాల ఆధారంగా ఉపకుటుంబ విభజనపై సహరచయితలతో కలిసి 1983లో ఆయన రాసినవీ అదే పత్రికలో వచ్చాయి. ఇవి ద్రావిడ భాషల సామగ్రితో చేసిన నిరూపణలే అయినా, చర్చ మాత్రం భాషలన్నిటికీ వర్తించే సూత్రాలది. ఇండో-యూరోపియన్ భాషలపై పనిచేసేవారు వీటిని చదివి అంగీకరించాలి, లేదా కాదనాలి. వారు చదివే పత్రికే దానికి తగిన చోటు.

ఆయన సంపాదకత్వంలోనే 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, వెలువడింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. రైతుల నుంచి, నేతగాళ్ళ నుంచి ఊరూరా సేకరించిన ఆ పదసంపదకు పాఠకులు తెలుగువారు, భాష తెలుగు. ‘లాంగ్వేజ్’లో వ్యాసాలు రాసిన పండితునికి తెలుగులో పదకోశం కూర్చడం తక్కువ పనిగా కనిపించలేదు. నేటి కొలమానాలతో లెక్కిస్తే ఈ రెండు పనులకు వేర్వేరు మార్కులు వస్తాయి. విద్వత్తు దృష్టితో ఏది ఎక్కువో చెప్పడం అసాధ్యం.

సంఖ్య ప్రవేశించిన దారి

పత్రిక నాణ్యతను సంఖ్యతో చెప్పే పద్ధతి గ్రంథాలయ నిర్వహణ నుంచి, గ్రంథసమాచార శాస్త్రం నుంచి వచ్చింది. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ఉల్లేఖనల సూచికను ప్రతిపాదించాడు. 1960ల్లో ఆ ఆలోచన ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ రూపం తీసుకొంది. ఆ సూచికలో ఏ పత్రికలను చేర్చాలో నిర్ణయించడానికి పుట్టిన కొలతే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఒక పత్రిక గత రెండేళ్ళలో ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన ఉల్లేఖనల సంఖ్యను ఆ రెండేళ్ళ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే అది వస్తుంది. ఏ పత్రికకు చందా కట్టాలో తేల్చుకోవలసిన గ్రంథపాలకునికి ఇది ఉపకరించే సంఖ్య. ఒక వ్యాసం మంచిదో కాదో చెప్పే సంఖ్య కాదు. అయినా క్రమంగా అది పరిశోధకుల నియామకాలకు, పదోన్నతులకు గీటురాయి అయింది.

తెలుగు పరిశోధనకు ఈ కొలత మూడు కారణాల చేత పొసగదు. మొదటిది కాలావధి. శాసన పాఠానికో, పాఠనిర్ణయానికో రెండేళ్ళలో ప్రతిస్పందన రాదు. ఇరవై ఏళ్ళ తరవాత రావచ్చు. రెండవది ఆకరాల స్వభావం. మన వ్యాసాలు ఎక్కువగా గ్రంథాలను, వ్రాతప్రతులను, పాత పత్రికలను ఉల్లేఖిస్తాయి. సూచికలు ప్రధానంగా పత్రికల నుంచి పత్రికలకు వెళ్ళే ఉల్లేఖనలనే లెక్కపెడతాయి. మూడవది భాష. తెలుగు వ్యాసం మరొక తెలుగు వ్యాసాన్ని ఉల్లేఖిస్తే ఆ ఉల్లేఖనను నమోదుచేసే అంతర్జాతీయ సూచిక దాదాపు లేదు. ఈ అన్యాయాన్ని ఇతర భాషలవారూ గుర్తించారు. పరిశోధన మూల్యాంకనంపై 2015లో ‘నేచర్’లో వెలువడిన లైడెన్ ప్రకటన స్థానిక ప్రాసంగికత గల పరిశోధనలోని శ్రేష్ఠతను కాపాడాలని ఒక సూత్రంగానే చెప్పింది. 2019 నాటి హెల్సింకి ప్రకటన పాండిత్య ప్రచురణలో బహుభాషత్వాన్ని సమర్థించింది.

జాబితాల కాలం

మన విశ్వవిద్యాలయాల్లో ఈ సంఖ్యావిధానం 2010 నిబంధనలతో బలంగా స్థిరపడింది. విద్యా నిర్వహణ సూచికలో భాగంగా రిఫరీడ్ పత్రికలోని వ్యాసానికి 15, గుర్తింపు కలిగి ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య ఉన్న ఇతర పత్రికల్లోని వ్యాసానికి 10 పాయింట్లు నిర్ణయమయ్యాయి. అంతకు ముందటి ఏడాది పీహెచ్.డి. నిబంధనలు సిద్ధాంతవ్యాసం సమర్పణకు ముందు రిఫరీడ్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాలని విధించాయి. ఈ నియమాల వెనుక ఉన్న ఆశయం మంచిదే. పరిశోధకుడు తన పనిని గదిలో దాచుకోక బయట పెట్టాలన్నదే దాని సారం. ఆచరణలో జరిగింది వేరు. ఐ.ఎస్.ఎస్.ఎన్. అనేది పత్రికను గుర్తించే ఎనిమిది అంకెల సంఖ్య మాత్రమే. వాహనానికి రిజిస్ట్రేషన్ సంఖ్య వంటిది. అది నాణ్యతా ముద్రగా చలామణి అయింది. రుసుము తీసుకొని, చదవకుండానే అచ్చువేసే పత్రికలు దేశమంతటా మొలిచాయి. ఇటువంటి ప్రచురణలను జెఫ్రీ బీల్ అనే అమెరికన్ గ్రంథపాలకుడు 2010లో ‘దోపిడీ పత్రికలు’ అన్నాడు.

దీనికి విరుగుడుగా నిధుల సంఘం 2017 జనవరిలో ఆమోదిత పత్రికల జాబితా ప్రకటించింది. అందులో కొన్ని అంతర్జాతీయ సూచికల నుంచి, కొన్ని విశ్వవిద్యాలయాల సిఫారసుల నుంచి వచ్చాయి. సిఫారసుల ద్వారా చేరిన పత్రికల నమూనాను పరిశీలించి భూషణ్ పట్వర్ధన్ ప్రభృతులు 2018లో ‘కరెంట్ సైన్స్’లో రాసిన వ్యాసం వాటిలో 88 శాతానికి పైగా నాణ్యత లేనివి కావచ్చునని తేల్చింది. 2018 మే నెలలో 4,305 పత్రికలను జాబితా నుంచి తొలగించారు. ఆ ఏడాది నవంబరులో కేర్ వ్యవస్థను ప్రకటించి, 2019 జూన్‌లో కొత్త జాబితాను విడుదల చేశారు.

కేర్ జాబితా చేసిన మేలును కాదనలేము. అచ్చు పత్రికగా మాత్రమే ఉండి అంతర్జాతీయ సూచికల్లో చోటులేని భారతీయ భాషా పత్రికలు అందులో స్థానం పొందగలిగాయి. కాని జాబితా ఉన్నచోట దాని నీడ కూడా ఉంటుంది. వెబ్‌సైటు లేని అచ్చు పత్రికల పేర్లతో కొందరు నకిలీ సైట్లు తెరిచి వ్యాసాలు, రుసుములు స్వీకరించారు. అటువంటి నకిలీలకు ప్రత్యేకంగా మరొక పట్టిక ప్రకటించవలసి వచ్చింది. అంతకంటె లోతైన నష్టం పరిశోధకుని ఆలోచనలో జరిగింది. జాబితాలో ఉన్న పత్రిక తన అంశానికి తగినదా, దానిని చదివేదెవరు అన్న విచారణ అనవసరమైంది. జానపద విజ్ఞానంపై వ్యాసం, శాసన భాషపై వ్యాసం, దళిత కథపై వ్యాసం ఒకే నెల ఒకే పత్రికలో, అయిదేసి పుటల్లో, పక్కపక్కన అచ్చయ్యాయి. వాటికి జవాబు రాసినవారు అరుదు. రాయడానికి ఎవరైనా చదివి ఉండాలి కదా.

2022 నవంబరు నాటి పీహెచ్.డి. నిబంధనలు సమర్పణకు ముందు ప్రచురణ తప్పనిసరి అన్న షరతును తొలగించాయి. 2025 ఫిబ్రవరిలో కేర్ జాబితా ముగిసింది. దాని స్థానంలో పత్రికల ఎంపికకు సూచనాత్మకమైన ప్రమాణాలు ఇచ్చి, నిర్ణయాన్ని ఉన్నత విద్యాసంస్థలకు వదిలిపెట్టారు.

జాబితా తరవాత

ఈ స్వేచ్ఛ రెండు ప్రమాదాలతో వచ్చింది. స్థానికంగా నిర్ణయించే భారం తప్పించుకోవడానికి సంస్థలు స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ సూచికలను మాత్రమే ప్రమాణంగా స్వీకరించవచ్చు. అదే జరిగితే తెలుగులో రాసిన పరిశోధన లెక్కకే రాదు. తెలుగు శాఖలోని అధ్యాపకుడు తెలుగు సాహిత్యంపై ఆంగ్లంలో రాస్తేనే పరిశోధకుడనిపించుకొంటాడు. రెండవ ప్రమాదం దీనికి వ్యతిరేక దిశలోనిది. ఎవరి పత్రికను వారు ఆమోదించుకొంటే 2017 నాటి సిఫారసుల కథ పునరావృతమవుతుంది. ఈ రెంటి నడుమ దారిని వెతుక్కోవలసినది తెలుగు శాఖలే. పైన చూసిన చరిత్ర అందుకు నాలుగు ప్రశ్నలను అందిస్తున్నది.

మొదటిది: ఈ వ్యాసాన్ని ఎవరు చదవాలి? జోన్స్, ఎల్లిస్‌ల ప్రచురణల్లోని తేడా ఈ ప్రశ్న విలువను తెలుపుతుంది. రెండవది: ఏ భాషలో? గిడుగు, కృష్ణమూర్తి రెండు భాషల్లోనూ రాశారు. ఏది ఏ భాషలో చెప్పాలో విషయాన్ని బట్టి నిర్ణయించారు. మూడవది: దీనిని కాదనడానికి అక్కడ వీలున్నదా? ప్రతికృతి అచ్చువేసిన ఎపిగ్రాఫియా, ఖండనలకు చోటిచ్చిన ‘భారతి’ ఈ విషయంలో మార్గదర్శకాలు. ప్రతిస్పందనలకు నాలుగు పుటలు కేటాయించని పత్రిక ఎన్ని జాబితాల్లో ఉన్నా సగం పత్రికే. నాలుగవది: ఇరవై ఏళ్ళ తరవాత ఇది ఎక్కడ దొరుకుతుంది? 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు పాత సంచికలను భద్రపరచకపోతే నేటి పరిశోధకునికి వందేళ్ళనాటి చర్చలు అందేవి కావు. అచ్చు ప్రతిని గ్రంథాలయాలకు చేర్చని, సంచికలను శాశ్వతంగా అందుబాటులో ఉంచని పత్రికకు వ్యాసం ఇవ్వడం దానిని పోగొట్టుకోవడమే.

ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పవలసినది పరిశోధక విద్యార్థి ఒక్కడే కాదు. నాలుగేళ్ళ శ్రమ, ఉద్యోగం ఆశ ముడిపడి ఉన్నవానికి ఆదర్శం బోధించి, ఎంపిక సంఘంలో కూర్చున్నప్పుడు మళ్ళీ వ్యాసాల సంఖ్యనే అడగడం న్యాయం కాదు. పత్రిక పేరును కాక వ్యాసాన్ని చదివి విలువ కట్టే బాధ్యతను ఆచార్యులు స్వీకరించాలి. ఇది శ్రమతో కూడిన పని. కాని జాబితా మనకు ఇంతకాలం తప్పించిన శ్రమ సరిగ్గా ఇదే.

ఉపసంహారం

తెలుగు పరిశోధన చరిత్రలో నిలిచిన వ్యాసాలు అనేక రకాల వేదికల్లో వెలువడ్డాయి: విదేశీ భాషాశాస్త్ర పత్రికలో, ప్రభుత్వ శాసన సంపుటంలో, సాహిత్య మాసపత్రికలో, వార్తాపత్రిక ప్రత్యేక సంచికలో, ఏడాదికే ఆగిపోయిన సొంత పత్రికలో. వీటన్నిటికీ సమానమైన లక్షణం ఒక్కటే: రచయితకు తన పాఠకుడెవరో తెలుసు. రిఫరీ పరిశీలన, సూచికలు, ప్రమాణాలు ఆ ఎరుకకు తోడుగా ఉండవచ్చు. దాని స్థానాన్ని మాత్రం ఆక్రమించలేవు.

ఆచరణలో ఒక చిన్న మార్పుతో ఇది మొదలుకావచ్చు. వ్యాసాన్ని పత్రికకు పంపేముందు పరిశోధకుడు దానిని చదివి విభేదించగల ముగ్గురి పేర్లు పర్యవేక్షకునికి రాసి ఇవ్వాలి. అచ్చయిన తరవాత ఆ ముగ్గురికీ ప్రతి పంపాలి. ముగ్గురి పేర్లు తట్టకపోతే వ్యాసం ఇంకా సిద్ధం కాలేదని గాని, అంశానికి సంబంధించిన పూర్వకృషిని ఇంకా చదవలేదని గాని గ్రహించాలి. పేర్లు తట్టితే వారు చదివే పత్రిక ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. నడగాం శాసనాన్ని ఒకచోటికి, బడిపిల్లల భాషను గురించిన వాదాన్ని మరొకచోటికి పంపినప్పుడు గిడుగు రామమూర్తి ముందు ఏ జాబితా లేదు. చదవవలసినవారెవరో మాత్రం ఆయనకు తెలుసు.